సొరంగం సరే... ఖర్చు పెరిగితే ఎవరు కడతారు?

ఇల్లు కట్టించిన ఏ ఇల్లాలినైనా అడిగి చూడండి. మేస్త్రీ మొదట్లో చెప్పిన ఎస్టిమేటుకీ, గృహప్రవేశం నాటికి తేలిన లెక్కకీ ఎక్కడా పొంతన ఉండదు. పునాదుల్లో బండ తగిలిందంటాడు. ఇసుక రేటు పెరిగిందంటాడు. మధ్యలో మీరే కదమ్మా కిటికీ మార్చమన్నారు, అదీ లెక్కలోకి వస్తుందంటాడు. ఆ పైపై ఖర్చు ఎవరి నెత్తిన పడాలన్నది పార పట్టకముందే కాగితం మీద రాసుకునేవాళ్ళు మనలో ఎంతమంది?

సరిగ్గా ఈ ప్రశ్న మీదే అమెరికాలోని సియాటిల్ నగరంలో సిటీ కౌన్సిల్, మేయరు ఏడాదికి పైగా నువ్వా నేనా అని తగువులాడుకున్నారు. అక్కడ కట్టదలుచుకున్నది ఇల్లు కాదు, ఊరి నడిబొడ్డు కింద నుంచి సుమారు రెండు మైళ్ళ పొడవున రోడ్డు సొరంగం. చుట్టూ చేయాల్సిన పనులన్నీ కలుపుకుని అంచనా 310 కోట్ల డాలర్లు!

ఎక్కడి సియాటిల్, ఎక్కడి మనం అనుకోకండి. మైక్రోసాఫ్ట్, అమెజాన్ కొలువులు ఆ చుట్టుపక్కలే కాబట్టి అక్కడ ఒక చుట్టమో, చుట్టపు చుట్టమో ఉన్న తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. మా ఆడపడుచు కూతురు బెల్‌వ్యూలో ఉంటుంది. ఈ సొరంగం సంగతి నా చెవిన మొదట వేసింది ఆ పిల్లే. "అత్తయ్యా, మా దగ్గర భూమి కింద ఒక యంత్రం ఇరుక్కుపోయింది, దాని పేరు బెర్తా" అంది ఫోన్లో. యంత్రానికి ఆడపేరేమిటే అని నవ్వాను. ఆ పేరు ఎవరిదో తెలుసుకుందామని మొదలుపెడితే ఈ వ్యవహారమంతా బయటపడింది.

కుంగిన వంతెన

సియాటిల్‌ది సముద్రపు ఒడ్డు. ఆ ఒడ్డు వెంబడే 1953లో ఒకదాని మీద ఒకటిగా రెండంతస్తుల రోడ్డు వంతెన కట్టారు. అలస్కన్ వే వయాడక్ట్ అంటారు. పైన కార్లో వెళ్ళేవాళ్ళకి నీళ్ళూ, కొండలూ కనువిందు. కింద నడిచేవాళ్ళకి మాత్రం చీకటి, రొద. ఊరికీ సముద్రానికీ మధ్య కాంక్రీటు గోడ లేచినట్టే అయింది. అయినా రోజుకి లక్షకు పైగా వాహనాలు దాని మీదే తిరిగేవి.

2001 ఫిబ్రవరి 28న 6.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. వంతెన పడిపోలేదు, కానీ పగుళ్ళిచ్చింది, కుంగింది. అంతకు పన్నెండేళ్ళ ముందు, 1989లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో అచ్చం ఇలాంటి రెండంతస్తుల వంతెనే భూకంపానికి కూలి 42 మంది చనిపోయారు. అది గుర్తొచ్చేసరికి సియాటిల్ వాళ్ళకి కంటి మీద కునుకు లేదు. పైగా ఒడ్డున అలల్ని ఆపే పాత గోడ వెనకాల ఉన్న కలప దుంగల్ని సముద్రపు పురుగులు గుల్ల చేసేశాయి. మన గుమ్మాలకి చెదలు పట్టినట్టన్నమాట. పైన వంతెన ఊగుతోంది, కింద గోడ పుచ్చిపోయింది.

వంతెనకి బదులు ఏం కట్టాలి? మళ్ళీ అలాంటి వంతెనే గట్టిగా కడదామని కొందరు. సొరంగంలోకి దింపేసి పైన సముద్రపు ఒడ్డుని జనానికి వదిలేద్దామని మరికొందరు. రెండూ వద్దు, కింద మామూలు రోడ్డు వేసి బస్సులు పెంచితే చాలదా అని ఇంకొందరు. సిటీ కౌన్సిల్ 2006లోనే సొరంగం వైపు మొగ్గింది. ఒడ్డు ఊరిది కదా, తెరుచుకుంటే లాభపడేదీ ఊరే. రోడ్డు మాత్రం రాష్ట్ర ప్రభుత్వానిది. వాళ్ళకి ఖర్చు గుబులు.

2007 మార్చిలో జనాన్నే అడిగారు. వంతెన కావాలా, సొరంగం కావాలా? ఒక్కో దానికి విడివిడిగా ఓటు. పెళ్ళిచూపుల్లో ఇద్దర్ని చూపిస్తే ఇద్దరూ నచ్చలేదన్నట్టు, జనం రెంటినీ కాదన్నారు. సొరంగాన్నయితే పదిమందిలో ఏడుగురు వద్దన్నారు. అప్పుడనుకున్న సొరంగం పైనుంచి పెద్ద కందకం తవ్వి, కప్పు వేసి పూడ్చేది. ఏళ్ళ తరబడి ఒడ్డున దుకాణాలు మూసుకోవాలి. ఆ భయమూ ఉంది, ఖర్చు భయమూ ఉంది.

రెండేళ్ళు తర్జనభర్జన పడ్డాక 2009 జనవరిలో గవర్నర్ క్రిస్టీన్ గ్రెగోయిర్, కౌంటీ పెద్ద రాన్ సిమ్స్, మేయరు గ్రెగ్ నికెల్స్ ముగ్గురూ కలిసి కొత్త మాట చెప్పారు. పైనుంచి తవ్వం, యంత్రంతో లోపల్నుంచే తొలుచుకుంటూ పోతాం, పైన ఊరు ఊరుగానే ఉంటుంది అని. ఆ అక్టోబరులో కౌన్సిల్లోని తొమ్మిదిమందీ సరేనన్నారు.

చట్టంలో దాగిన వాక్యం

ఇక్కడే ఉంది అసలు మెలిక. 2009లో రాష్ట్ర శాసనసభ చేసిన చట్టంలో ప్రభుత్వం తన వాటాకి గిరి గీసుకుంది. ఖజానా నుంచి 240 కోట్ల డాలర్లు, టోలు రూపంలో 40 కోట్లు, మొత్తం 280 కోట్లు. అది దాటితే? దాటిన ఖర్చుని ఈ సొరంగం వల్ల మేలు పొందే సియాటిల్ ప్రాంతపు స్థిరాస్తి యజమానులు భరించాలి అని ఒక వాక్యం చేర్చారు.

చదువుతుంటే నాకు షూరిటీ సంతకాలు గుర్తొచ్చాయి. అప్పు ఎవరిదో, అవసరం ఎవరిదో. "ఊరికే వదినా, పేరుకి ఒక సంతకం, మీదాకా రాదులే" అంటారు. వచ్చేదాకా మీదాకా రాదన్న మాట నిజమే. వచ్చిన రోజున ఆ కాగితం తప్ప ఎవరూ కనపడరు.

సియాటిల్ వాళ్ళ భయం ఉత్తుత్తి భయం కాదు. అదే దేశంలో బోస్టన్ నగరం కింద తవ్విన రోడ్డు సొరంగాల కథ వాళ్ళకి తెలుసు. 280 కోట్ల డాలర్లలో అయిపోతుందనుకున్న పని 1,400 కోట్లు దాటింది. పోనీ అంత పోశాకైనా నిక్షేపంగా ఉందా అంటే, 2006లో సొరంగం లోకప్పు పలకలు ఊడి కారు మీద పడి ఒక మహిళ చనిపోయింది.

2009 నవంబరు ఎన్నికల్లో సియాటిల్‌కి కొత్త మేయరు వచ్చాడు. మైక్ మెగిన్. పర్యావరణ ఉద్యమాల నుంచి వచ్చినవాడు, మొదట్నుంచీ సొరంగం దండగ అన్నవాడు. ఎన్నికల ముందు మాత్రం, కౌన్సిల్ ఒప్పుకుంది కాబట్టి నాకిష్టం లేకపోయినా అడ్డుపడనని మాటిచ్చాడు. గెలిచి కుర్చీలో కూర్చున్నాక ఆ వాక్యాన్ని పట్టుకున్నాడు. దాన్ని చట్టంలోంచి తీసేయండి, అప్పుడు సంతకం పెడతాను అని భీష్మించాడు.

ఇంతకీ రాష్ట్ర ప్రభుత్వం రోడ్డుకి ఊరి కౌన్సిల్ సంతకం ఎందుకంటారా? రోడ్డు వాళ్ళదే. కానీ దాని కింద ఏముంది? మంచినీళ్ళ పైపులు, మురుగుకాలవలు, కరెంటు తీగలు. సియాటిల్‌లో నీళ్ళూ, కరెంటూ రెండూ నగరపాలక సంస్థవే. వీటిని జరపకుండా, కాచుకోకుండా యంత్రం అంగుళం కదలదు. ఏది ఎవరు జరపాలి, దేని ఖర్చు ఎవరిది, భూమి కుంగి పైపు పగిలితే ఎవరు బాగు చేయాలి అన్న లెక్కలతో రోడ్ల శాఖ, నీటి శాఖ, కరెంటు శాఖ తరఫున మూడు ఒప్పందాలు తయారయ్యాయి. వాటి మీద ఓటు వేయాల్సింది కౌన్సిల్. పెద్ద పెద్ద బొమ్మలు గీసి చూపించిన రోజున కాదు, పైపుల లెక్క దగ్గరికొచ్చిన రోజునే కౌన్సిల్ బలం తెలిసింది.

2011 ఫిబ్రవరిలో కౌన్సిల్ ఎనిమిది-ఒకటి ఓట్లతో ఒప్పందాలకి సరేనంది. కాదన్న ఆ ఒక్కడు మైక్ ఓబ్రయన్. మేయరు వీటో చేశాడు. అదే నెలాఖరులో కౌన్సిల్ మళ్ళీ కూర్చుని అదే ఎనిమిది-ఒకటితో ఆ వీటోని కొట్టేసింది. ఆ ఎనిమిదిమందిలో ముగ్గురు ఆడవాళ్ళున్నారు. శాలీ బాగ్‌షా, శాలీ క్లార్క్, జీన్ గోడెన్. ఈ జీన్ గోడెన్ పత్రికలో కాలమ్ రాసే ఆవిడ. డెబ్భై దాటాక మొదటిసారి కౌన్సిల్‌కి పోటీ చేసి గెలిచింది. మనలో కొందరం నలభైకే ఇంకేముందిలే అనేస్తుంటాం!

కౌన్సిల్ మెజారిటీ వాదన ఏమిటంటే, సొరంగం రాష్ట్రానిది, కట్టించేది రాష్ట్రం, కాబట్టి ఎక్కువైనా తక్కువైనా వాళ్ళదే. చట్టంలో ఆ వాక్యం కోర్టులో నిలవదు, ఫలానా ఇంటికి ఇంత అని పన్ను ఎలా వేయాలో అందులో రాయనే లేదు. ఈలోగా మనం మడికట్టుకుని కూర్చుంటే పైన పగుళ్ళిచ్చిన వంతెన మీద రోజూ లక్ష బళ్ళు తిరుగుతున్నాయి, ఇంకో భూకంపం మనల్ని అడిగి వస్తుందా అని. ఇందులో చివరి మాట కాదనలేనిది. అయినా నిలవదని తెలిసిన వాక్యాన్ని తీయించేశాకే సంతకం పెట్టొచ్చు కదా? చెల్లదని లాయర్లన్నారుగా అనే ధైర్యంతో ఊరంతటి తరఫునా చేవ్రాలు చేయడం నాకైతే మింగుడుపడలేదు. అలాగని మేయరు మాత్రం? ప్రశ్న నూటికి నూరుపాళ్ళూ సరైందే. కానీ సొరంగమే వద్దన్న మనిషి ఆ ప్రశ్న అడిగేసరికి, ఇది ఖర్చు గురించిన బెంగా, పని ఆపే ఎత్తా అన్న అనుమానం వచ్చింది. అడగాల్సిన మాట అడగాల్సిన నోటి నుంచి రాకపోతే దాని విలువ సగమైపోతుంది కాబోలు.

కథ అక్కడితో ఆగలేదు. సొరంగం వద్దన్నవాళ్ళు దాదాపు 29 వేల సంతకాలు పోగుచేసి, జనం ఓటుకి పెట్టండన్నారు. వ్యవహారం కోర్టుకెక్కింది. జడ్జిగారు ఆ ఒప్పందాల ఆర్డినెన్సులో ఒకే ఒక్క సెక్షన్ మీద ఓటింగ్ పెట్టుకోవచ్చన్నారు. పర్యావరణ పరిశీలన ముగిశాక పని మొదలుపెట్టమని కౌన్సిల్ ఎలా నోటీసివ్వాలి అన్న చిన్న సెక్షను అది. అంటే బ్యాలెట్ కాగితం మీద ఉన్నది నోటీసు సంగతి, జనం మనసులో ఉన్నది సొరంగం సంగతి! 2011 ఆగస్టులో ఓటేసిన వాళ్ళలో సుమారు 58 శాతం సరేనన్నారు. నాలుగేళ్ళ కిందట పదింట ఏడుగురు కాదన్న ఊరే ఇది. అప్పటిది వేరే సొరంగం, నిజమే. కానీ వాదించి వాదించి అలసిపోవడం అనేదొకటి ఉంటుంది, అది కూడా ఓటేస్తుందని నా అనుమానం.

ఇంతకీ బెర్తా ఎవరు?

సొరంగాలు తొలిచే యంత్రాలకి ఆడపేరు పెట్టడం ఆ పనివాళ్ళ ఆనవాయితీ. గనుల్లోకి దిగేవాళ్ళకి సెయింట్ బార్బరా అనే ఆవిడ రక్ష అని ఐరోపాలో నమ్మకం. మన గ్రామదేవత లాగే అనుకోండి. సియాటిల్ యంత్రానికి పేరు పెట్టమని బడిపిల్లలకి పోటీ పెట్టారు. అందులో నెగ్గిన పేరు బెర్తా, బెర్తా నైట్ ల్యాండిస్ పేరు మీద.

ఈవిడ 1868లో పుట్టింది. భర్త హెన్రీ ల్యాండిస్ విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర ప్రొఫెసరు. (భూగర్భశాస్త్రవేత్త భార్య పేరు భూమి తొలిచే యంత్రానికి! ఆ పిల్లలకి ఈ సంగతి తెలుసో లేదో.) ఇల్లు, పిల్లలు, మహిళా సంఘాలు... అలా యాభై ఏళ్ళు దాటాయి. 1921లో స్థానికంగా తయారయ్యే సరుకులతో ఆవిడ ఆధ్వర్యంలో మహిళా సంఘాలన్నీ కలిసి పెద్ద ప్రదర్శన పెట్టాయి. ఆ నిర్వహణ చూసి ఊళ్ళో పెద్దలు నోళ్ళు వెళ్ళబెట్టారు. మరుసటి ఏడాది, 1922లో, కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడి గెలిచింది. ఆవిడా, కాథ్రిన్ మిరకిల్ అనే మరొకావిడా సియాటిల్ కౌన్సిల్లో కాలుపెట్టిన తొలి మహిళలు.

బెర్తా నమ్మిక ఒక్కటే. ఊరు కూడా ఇల్లే, కాస్త పెద్ద ఇల్లు. శుభ్రం, పద్దు, పిల్లల క్షేమం, చెడు సావాసాలకి తలుపు మూయడం... ఇంట్లో చూసుకునేవే ఊరికీ చూడాలి. ఆవిడ కాలంలో ఆడవాళ్ళు రాజకీయాల్లోకి రావడానికి ఈ వాదమే తాళంచెవిలా పనికొచ్చింది. ఇంటి పని తెలుసు కాబట్టే ఆడది ఊరి పని చేయగలదు అనే ఆ మాట ఇవాళ్టి అమ్మాయిలకి కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది, వాళ్ళ చిరాకులో న్యాయమూ ఉంది. కానీ వందేళ్ళ కిందట మూసిన తలుపు తెరిచింది అదే మరి.

1924లో ఆవిడ కౌన్సిల్ అధ్యక్షురాలు. మేయరు ఎడ్విన్ బ్రౌన్ పార్టీ మహాసభకని న్యూయార్క్ వెళ్తే, తాత్కాలిక మేయరుగా పగ్గాలు ఈవిడ చేతికొచ్చాయి. ఉన్నది నాలుగు రోజులే కదా, కుర్చీ తుడుచుకుంటూ కూర్చుంటుందిలే అనుకున్నారు కాబోలు. దొంగసారా, జూదం, లంచాల్ని చూసీచూడనట్టు వదిలేస్తున్నాడని ఏకంగా పోలీసు అధిపతినే ఉద్యోగంలోంచి తీసిపారేసింది! మేయరు హడావుడిగా తిరిగొచ్చి మళ్ళీ ఆయన్ని నియమించాడు. రెండేళ్ళు తిరిగేసరికి 1926లో ఆ మేయర్నే ఓడించి బెర్తా మేయరైంది. అమెరికాలో ఒక పెద్ద నగరాన్ని ఏలిన తొలి మహిళ ఆవిడే. 1928లో ఫ్రాంక్ ఎడ్వర్డ్స్ అనే, జనానికి అంతగా తెలియని వ్యాపారి చేతిలో ఓడిపోయింది.

మళ్ళీ సియాటిల్‌కి ఒక మహిళ మేయరుగా ఎన్నికవడానికి ఎన్నేళ్ళు పట్టిందనుకున్నారు? 2017 దాకా! యంత్రం తవ్వకం ముగించిన సంవత్సరమే అది.

కేసింగు పైపు తగిలింది

యంత్రం బెర్తా జపాన్‌లో తయారైంది. ఖరీదు 8 కోట్ల డాలర్లు. ముందు భాగం వెడల్పు 57 అడుగులు పైమాటే, అంటే అయిదంతస్తుల మేడంత చక్రం. అప్పటికి ప్రపంచంలో అంత పెద్దది లేదు. 2013 జూలై నెలాఖరున తవ్వకం మొదలైంది. చక్రం ముందుకి తిరుగుతూ మట్టిని తొలుస్తుంటే, వెనకాలే కాంక్రీటు వలయాలు అమర్చుకుంటూ పోతుంది. వెళ్ళాల్సింది 9 వేల అడుగులకు పైగా. డిసెంబరు మొదటి వారంలో, వెయ్యి అడుగులు దాటిందో లేదో, నిలబడిపోయింది.

ఏం తగిలిందో తెలుసా? బోరుబావి కేసింగు పైపు! భూగర్భజలం సంగతి తేల్చుకోవడానికి 2002లో రాష్ట్ర ప్రభుత్వం వాళ్ళే దింపిన ఎనిమిదంగుళాల ఉక్కు పైపు. అది అక్కడ ఉందని మాకు సరిగా చెప్పలేదు, దాని వల్లే యంత్రం దెబ్బతింది అన్నాడు కాంట్రాక్టరు. చెప్పాం, కాగితాల్లో ఉంది, తప్పు నీ యంత్రంలోనే ఉంది అంది ప్రభుత్వం. నీళ్ళొచ్చేవేళ మోటారు కాలిపోతే కరెంటు వాడూ, మెకానిక్కూ ఒకరినొకరు చూపించుకున్నట్టే.

ముందు కొరికే యంత్రమే గానీ వెనక్కి నడిచే యంత్రం కాదది. దాని వెనకాలంతా కాంక్రీటు వలయాలు బిగించేశారు. ఇక దాని ముందు 120 అడుగుల లోతు బావి తవ్వారు. 2015 మార్చిలో రెండువేల టన్నుల ముందు భాగాన్ని క్రేనుతో పైకి లేపి బాగు చేశారు. ఈలోగా 2014 చివర్లో పక్కనే ఉన్న పాత పేట పయొనీర్ స్క్వేర్‌లో నేల అంగుళం పైగా కుంగినట్టు కొలతల్లో తేలింది. ఆ పేట నేలే అంతంతమాత్రం, పాత రోజుల్లో రంపపు మిల్లు పొట్టు కూడా పోసి పూడ్చిన నేల. కౌన్సిల్ సభ్యులు రాష్ట్ర అధికారుల్ని పిలిచి సంజాయిషీ అడిగారు. వంతెన మీద బళ్ళు తిరగడం క్షేమమేనా, పైపుల గతేమిటి అని. అడగగలిగారు గానీ పని నడిపేది వాళ్ళు కాదు. సంతకం వాళ్ళది, పగ్గాలు వేరేవాళ్ళవి.

రెండేళ్ళ తర్వాత 2015 డిసెంబరులో మళ్ళీ కదిలింది. మూడు వారాలు తిరక్కుండానే దాని వెనకాల నేల మీద గొయ్యి పడితే గవర్నరు జే ఇన్‌స్లీ పని ఆపించాడు. మళ్ళీ కదిలింది. 2017 ఏప్రిల్ 4న అవతలి ఒడ్డున గోడ బద్దలుకొట్టుకుని బయటపడింది. అది మొరాయించినన్నాళ్ళూ పేపర్ల నిండా "బెర్తా మొరాయింపు", "బెర్తా తిక్క" అన్న ధోరణే. పని పూర్తయిన రోజున మాత్రం ఘనత ఇంజినీర్లది! ఇది ఆ దేశపు గొప్పేం కాదులెండి.

బిల్లు ఎవరికి వెళ్ళింది?

2015 చివరికల్లా తెరుస్తామన్న సొరంగం 2019 ఫిబ్రవరి 4న తెరుచుకుంది. ఆలస్యం వల్ల అదనంగా 22.3 కోట్ల డాలర్లవుతుందని 2016లోనే రాష్ట్ర రవాణా శాఖ లెక్క తేల్చింది. దానికి తోడు టోలు మీద 40 కోట్లొస్తాయన్న పాత అంచనా ఎప్పుడో 20 కోట్లకి జారిపోయింది. జనం టోలు తప్పించుకోవడానికి పక్క వీధుల్లోంచి పోతారన్న సంగతి లెక్కలేసిన వాళ్ళకి కాస్త ఆలస్యంగా తట్టింది.

మరి ఆ వాక్యం? సియాటిల్ ఇళ్ళ యజమానుల గుమ్మం దాకా రాలేదు. డబ్బు రాష్ట్రమే సర్దుకుంది. కాంట్రాక్టరు తనకే ప్రభుత్వం కోట్ల కొద్దీ బాకీ ఉందని కోర్టుకెళ్ళాడు. 2019 డిసెంబరులో జ్యూరీ అతని వాదన కొట్టేసి, తిరిగి అతనే ప్రభుత్వానికి 5.72 కోట్ల డాలర్లు కట్టాలంది. అంటే కౌన్సిల్ చెప్పినట్టే జరిగింది, మెగిన్ భయపడింది జరగలేదు. అతను 2013 ఎన్నికల్లోనే ఓడి ఇంటికి వెళ్ళిపోయాడు. అయినా నేను మాత్రం అతని ప్రశ్నని తీసిపారేయను. ఇంటికి తాళం వేయడం మరిచిపోయి ఊరెళ్ళొచ్చినా దొంగలు పడకపోతే, తాళం అక్కర్లేదని తేలినట్టా?

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పురుగులు తినేసిన సముద్రపు గోడ అచ్చంగా నగరపాలక సంస్థదే. 2012లో కౌన్సిల్ ఈ పనికి 29 కోట్ల డాలర్ల బాండ్లు కావాలని, ఆస్తిపన్ను ఇంత పెరుగుతుందని ఉన్నదున్నట్టు చెప్పి జనం ముందు పెట్టింది. నలుగురిలో ముగ్గురు సరేనన్నారు. చూశారా, లెక్క తేటగా చెప్తే జనం ఒప్పుకుంటారు అని రాద్దామనుకున్నాను. తీరా చూస్తే 30 కోట్లు అనుకున్న ఆ గోడ ఖర్చూ 40 కోట్ల దాకా ఎగబాకింది! ఈసారి చూపించడానికి రాష్ట్రమూ లేదు, చట్టంలో వాక్యమూ లేదు. ఆ తేడా ఎక్కణ్ణుంచి తేవాలో కౌన్సిలే వెతుక్కోవాల్సొచ్చింది.

సొరంగం తెరవడానికి ముందు వారాంతంలో ఊరి జనాన్ని అందులో నడవనిచ్చారు. పాత వంతెన మీద కూడా ఆఖరిసారి తిరగనిచ్చారు. పిల్లల్ని భుజాన వేసుకుని, ముసలివాళ్ళని చక్రాల కుర్చీల్లో కూర్చోబెట్టుకుని వచ్చారట. ఆ ఏడాదే వంతెనని ముక్కలు ముక్కలుగా కూల్చేశారు. ఇప్పుడు ఒడ్డు తెరుచుకుంది. కూరగాయలూ, చేపలూ, పూలూ అమ్మే వాళ్ళ పాత బజారు పైక్ ప్లేస్ మార్కెట్ నుంచి సముద్రం దాకా మెట్లతో, చెట్లతో నడకదారి ఒకటి 2024 అక్టోబరులో తెరిచారు. ఇది ఊరి సొమ్ముతో, దాతల విరాళాలతో, ఒడ్డు పక్క భవనాల యజమానుల మీద వేసిన ప్రత్యేక రుసుముతో కట్టింది. ఆ రుసుముకి కౌన్సిల్ ముందే ఒక గరిష్ఠ పరిమితి పెట్టింది.

సొరంగానికి ఊరి మధ్యలో దిగే దారి ఒక్కటీ లేదు. ఈ చివర ఎక్కితే ఆ చివరే. నగరం నడిమధ్యకి వెళ్ళాల్సినవాళ్ళు ముందే బయటపడాలి. మొదటి కొన్ని నెలలు ఉచితం. 2019 నవంబరు 9 నుంచి టోలు. అప్పట్లో వేళని బట్టి ఒక డాలరు నుంచి రెండుంపావు డాలర్ల దాకా ఉండేది.

బెల్‌వ్యూ, రెడ్‌మండ్ సియాటిల్ నగర పరిధిలోకి రావు. అక్కడున్న మన వాళ్ళకి ఆ కౌన్సిల్‌ని ఎన్నుకునే హక్కు లేదు, 2011లో వేసిన ఓటులోనూ వాళ్ళ పాలు లేదు. మా ఆడపడుచు కూతురికయితే పౌరసత్వం కూడా అప్పటికింకా రాలేదు. సొరంగంలోంచి వెళ్ళిన ప్రతిసారీ దాని కారు అద్దానికి అంటించిన చీటీని పైనున్న యంత్రం చదువుకుని, ఖాతాలోంచి టోలు కోసేసుకుంటుంది.